మళ్ళీ చూసిన సినిమాలు: అమెరికాలో మన తెర కథ

ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు ఊరి పేరు వస్తుంది, ఆ తర్వాత సినిమా పేరు వస్తుంది. "మీదే ఊరండీ?" అన్నదానికి జవాబు దొరికాక "ఈమధ్య ఏం చూశారు?" అన్న ప్రశ్న తప్పదు. గుడిలో ప్రసాదం వరుసలోనైనా, ఇలాంటి మహాసభల్లో భోజనాల బల్ల దగ్గరైనా ఇదే వరస. సినిమాల మీద మనకున్న అభిప్రాయాలకు లెక్కలేదు. అయితే ఆ అభిప్రాయాలకూ ఒక చరిత్ర ఉంటుందన్న సంగతి మనం పెద్దగా పట్టించుకోం. ఒక సినిమాను ఎక్కడ చూశాం, ఏ యంత్రం మీద చూశాం, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అది మనకు కనిపించే తీరే మారిపోతుంది. ఈమధ్య కొన్ని పాత సినిమాలను వరుసబెట్టి మళ్ళీ చూశాను. వాటి గురించి నాకు తోచిన నాలుగు మాటలు చెబుతూ, ఈ దేశంలో మనవాళ్ళు సినిమా చూసిన కథను కూడా నెమరువేసుకుందామని ఈ ప్రయత్నం.

1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు ఇక్కడికి రావడం పెరిగింది. 1977లో న్యూయార్క్‌లో తానా తొలి మహాసభ జరిగేనాటికి ఊరూరా చిన్న చిన్న తెలుగు సంఘాలు మొలకెత్తుతున్నాయి. ఆ రోజుల్లో తెలుగు సినిమా చూడాలంటే 16 మిల్లీమీటర్ల ప్రింటు తెప్పించుకోవాలి, ఏ బడిదో, విశ్వవిద్యాలయానిదో హాలు అద్దెకు తీసుకోవాలి. థియేటర్లలో వాడే 35 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు కదిలించలేనిది. 16 మిల్లీమీటర్లదైతే కారు డిక్కీలో పడుతుంది. 1600 అడుగుల రీలు ఒకటి సుమారు 44 నిమిషాలు ఆడుతుంది. "మాయాబజార్" నిడివి మూడు గంటల పైచిలుకు, అంటే అలాంటి రీళ్ళు అయిదు కావాలి. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. థియేటర్లో ఒకటే ఇంటర్వెల్ అయితే ఇక్కడ నాలుగు! సమోసాలూ, టీ, పిల్లల ఏడుపులూ, వాటితో పాటు అభిప్రాయాలూ. మనవాళ్ళ సినిమా చర్చలన్నీ ఆ రీలు మార్చే విరామాల్లోనే పుట్టి ఉంటాయని నా అనుమానం.

ఆ "మాయాబజార్"ను (1957) మొన్న మళ్ళీ చూశాను. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు. ఈ మూడింటి గురించీ పెద్దలు ఇప్పటికే ఎంతో రాశారు. నాకు ఈసారి తోచినదొకటి చెబుతాను. ఇది పాండవుల బంధువర్గపు కథే గాని పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనిపించరు. వాళ్ళు దూరాన ఎక్కడో ఉన్నారు, కష్టాల్లో ఉన్నారు, వాళ్ళ కొడుకు పెళ్ళి గురించి మాత్రం ఇక్కడ చుట్టాలు తేలుస్తున్నారు. పెళ్ళికి వెళ్ళలేక, ఫోనులోనే సంబంధాల సంగతులు విన్న ప్రవాసికి ఈ కథ ఇంకొక రకంగా తగులుతుంది. శశిరేఖ చేతిలోని ప్రియదర్శిని పెట్టెలో ప్రియమైనవాళ్ళు కనిపిస్తారు కదా, ఇప్పుడు మన చేతుల్లో ఉన్నదీ అదే. 2010లో ఈ సినిమాకు రంగులు వేసి విడుదల చేశారు. పిల్లలను కూర్చోబెట్టడానికి ఆ రంగులు పనికొచ్చాయి, కాదనను. కానీ బార్ట్‌లే సృష్టించిన వెన్నెల చూడాలంటే నలుపు తెలుపుల్లోనే చూడాలి.

రీళ్ళ తర్వాత వీడియో క్యాసెట్ల కాలం. 1980లలో మన ఇండియన్ కిరాణా కొట్లలో బెండకాయలకూ, కందిపప్పుకూ పక్కనే సినిమా క్యాసెట్ల అరలు ఉండేవి. శుక్రవారం సాయంత్రం కూరలతో పాటు రెండు సినిమాలు అద్దెకు తెచ్చుకోవడం చాలా ఇళ్ళల్లో ఆచారం. మామూలు వేగంలో రెండు గంటలు పట్టే క్యాసెట్టు మీద, నిదానపు వేగంలో ఆరు గంటలు ఎక్కించవచ్చు. ఒక్క క్యాసెట్టులో రెండు సినిమాలు! బొమ్మ మసకబారినా గిట్టుబాటుగా ఉండేది. ఆ కాపీకి మళ్ళీ కాపీ, దానికి ఇంకో కాపీ. హీరోయిన్ మొహం కనిపించకపోయినా, తెర అడుగున పరిగెత్తే నగల దుకాణం ఫోన్ నంబరు మాత్రం స్పష్టంగా కనిపించేది.

ఆ క్యాసెట్లు మన చూపునూ, వినికిడినీ ఎలా మార్చాయో గమనించినవారు తక్కువ. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. ఇండియాలో వాడిన పాల్ వీడియో పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. అందుచేత సినిమాను ఆ పద్ధతిలోకి ఎక్కించినప్పుడు సాధారణంగా కొంచెం వేగంగా నడిపేవారు, సుమారు నాలుగు శాతం. మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. అమెరికా టీవీల కోసం ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలోకి మార్చినా ఆ తొందర అలాగే ఉండిపోతుంది. దానితో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది, ఒక స్వరస్థానంలో ముప్పాతిక కంటే కాస్త తక్కువగా. అంటే "శంకరాభరణం" క్యాసెట్టు చూసి పాటలు నేర్చుకున్న మన పిల్లల్లో కొందరు బాలు గారి గొంతును అసలు కంటే పై శ్రుతిలో విని ఉంటారన్నమాట. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాత క్యాసెట్టునూ, ఆడియో రికార్డునూ పోల్చి చూడండి, తేడా తెలుస్తుంది.

చెవి సంగతి అలా ఉంటే కంటి సంగతి ఇంకా అన్యాయం. 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం, కృష్ణ గారి నూరవ సినిమా. దర్శకుడు వి. రామచంద్రరావు గారు మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది పూర్తిచేసి విడుదల చేశారు. వి.ఎస్.ఆర్. స్వామి గారు ఆ వెడల్పు తెరను మన్యపు కొండలతో, జనసమూహాలతో నింపారు. దాన్ని పాతకాలపు టీవీ తెర నిండేట్టు కోస్తే బొమ్మలో నూటికి నలభై వంతుల పైనే పోతుంది. రామరాజు మాట్లాడుతుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి తెర బయట ఉండేవాడు. "ఏముందండీ అందులో, అంతా డైలాగులే" అని ఆ రోజుల్లో ఒకరిద్దరు అనగా విన్నాను. వాళ్ళు చూసినది సినిమాలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు పూర్తి వెడల్పులో చూస్తే ఆ సినిమాలో అడవి కూడా ఒక పాత్రేనని తెలుస్తుంది.

"శంకరాభరణం" (1980) గురించి కూడా ఒక మాట. విశ్వనాథ్ గారి ఈ సినిమాకు పెద్ద తారలు లేరు, జె.వి. సోమయాజులు గారు అప్పటికి ప్రేక్షకులకు పెద్దగా తెలియరు. అయినా దేశమంతా ఆడింది, జాతీయ పురస్కారాలు గెలిచింది. మన సంఘాల సభల్లో దీని గురించి మాట్లాడేటప్పుడు శంకరశాస్త్రి గారినే తలుచుకుంటాం. ఈసారి నా చూపంతా మంజుభార్గవి వేసిన తులసి మీదే నిలిచింది. ఆమె మాట్లాడేది తక్కువ. పుట్టిన ఇంటిని కాదనుకుంది, లోకం వేసిన నింద మోసింది, బిడ్డను ఆ గురువు దగ్గరే శిష్యుడిగా చేర్చి తాను వెనక నిలబడింది. శాస్త్రి గారిది విద్య అయితే, ఆ విద్య తర్వాతి తరానికి అందడానికి పడ్డ పాట్లు తులసివి. ఆదివారం పొద్దున్నే పిల్లలను సంగీతం క్లాసుకు నలభై మైళ్ళు కారులో తీసుకెళ్ళి, పాఠం అయ్యేదాకా పార్కింగ్ లాట్‌లో కూర్చున్న అమ్మలందరికీ తులసి దగ్గరి చుట్టమే.

మన గురించే తీసిన సినిమా అంటే "పడమటి సంధ్యారాగం" (1987). జంధ్యాల గారు దాదాపు మొత్తం అమెరికాలోనే తీశారు. విజయశాంతి నాయిక, బాలు గారి సంగీతం. నాయకుడిగా వేసిన అమెరికన్ కుర్రాడు థామస్ జేన్, తర్వాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న నటుడు. అతని తొలి సినిమా మన తెలుగు సినిమా కావడం మనకు గర్వమే. తెలుగమ్మాయి సంధ్య అమెరికన్ అబ్బాయి క్రిస్‌ను ప్రేమిస్తుంది, తండ్రి ఆదినారాయణ ససేమిరా అంటాడు. ఈ సినిమాను ఒకే ఇంట్లో మూడు తరాలు మూడు రకాలుగా చూడటం నాకు తెలుసు. వచ్చిన కొత్తలో పెద్దవాళ్ళు "ఇలాంటివి చూపించి పిల్లలను పాడుచేస్తారు" అన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ తండ్రిని చూసి నవ్వారు. ఆ పిల్లలే ఇప్పుడు నలభై దాటి, తమ పిల్లలకు పెళ్ళీడు వస్తుంటే మళ్ళీ చూసి, గుమ్మలూరి శాస్త్రి గారు వేసిన ఆ తండ్రి మొహంలో కోపం కింద ఉన్న భయాన్ని పట్టుకుంటున్నారు. పరాయి దేశంలో కూతురు తన భాషకు, తన వాకిటికి దూరమవుతుందేమోనన్న భయం అది. ఆ భయం ఎంతవరకు నిజమైందో, ఎంత అబద్ధమైందో ఈ హాల్లో కూర్చున్న అల్లుళ్ళనూ కోడళ్ళనూ చూస్తే తెలుస్తుంది. మన సమాజం గురించి ఏ సర్వే చెప్పలేనిది ఈ ఒక్క సినిమా మీద ముప్పై ఏళ్ళకు పైగా మారుతూ వచ్చిన అభిప్రాయాలు చెబుతాయి.

"మిస్సమ్మ" (1955) కూడా ఈ దేశంలో చూస్తే కొత్త అర్థం వస్తుంది. ఉద్యోగం లేని ఇద్దరు, బడిలో పని కోసం భార్యాభర్తలమని చెప్పుకుని అప్పాపురం చేరతారు. ఎల్.వి. ప్రసాద్ గారు, చక్రపాణి గారు నవ్విస్తూనే నిరుద్యోగం గురించి సినిమా తీశారు. అక్కడ భార్యాభర్తలైతే గాని ఉద్యోగం రాదు. ఇక్కడో? హెచ్-4 వీసా మీద వచ్చిన మన ఆడపడుచులకు పెళ్ళయినందువల్లే ఈ దేశంలో నివాసం, ఆ వీసా వల్లే ఉద్యోగం చేసే వీలు లేకపోవడం. 2015లో వారిలో కొందరికి పనిచేసే అనుమతి వచ్చేదాకా ఎంతమంది చదువుకున్న మేరీలు వంటింటి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నారో! సావిత్రి గారి చిరాకు మొహం చూసి నవ్వుకున్న మనం, ఆ చిరాకు వెనక ఉన్న చదువును కూడా చూడాలి.

డీవీడీలు వచ్చాయి, పోయాయి. డబ్బాల్లో ప్రింట్లు ఊరూరూ తిరిగే రోజులూ పోయాయి. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక హైదరాబాదుతో పాటే, ఒక్కోసారి ఒకరోజు ముందే, డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ సినిమా చూస్తున్నాం. 2017లో "బాహుబలి 2" ఒక్క ఉత్తర అమెరికాలోనే రెండు కోట్ల డాలర్లు దాటింది. 2022లో "ఆర్.ఆర్.ఆర్."కు మనవాళ్ళతో పాటు అమెరికన్లూ వచ్చి చప్పట్లు కొట్టారు. 2023 మార్చిలో కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆస్కార్ అందుకున్నారు. ఆ సినిమా చూసిన పిల్లలు "ఈ రామరాజు నిజంగా ఉన్నాడా?" అని అడుగుతారు. ఉన్నాడు. 1922 నుంచి మన్యంలో పోరాడి 1924 మే 7న ప్రాణాలిచ్చాడు. కొమురం భీమ్ 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగాడు. వాళ్ళిద్దరి స్నేహం మాత్రం కల్పన. అలా అడిగిన పిల్లలను కూర్చోబెట్టి 1974 నాటి సినిమా వేయండి, పూర్తి వెడల్పులో. ఒక సినిమా ఇంకో సినిమాకు దారి చూపిస్తే అంతకంటే మంచి పాఠం లేదు.

అయితే మళ్ళీ చూడాలంటే ఆ సినిమా మిగిలి ఉండాలి కదా. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మన తొలి టాకీ "భక్త ప్రహ్లాద"ను ఈరోజు ఎవరం చూడలేం, ప్రింటు లేదు. రఘుపతి వెంకయ్య గారి నాటి మూకీలదీ అదే గతి. వాటి మీద ఆనాటి ప్రేక్షకులు ఏమనుకున్నారో చెప్పేవారు కూడా వెళ్ళిపోయారు. 2024లో అక్కినేని శతజయంతికి పాత చిత్రాలను బాగుచేసి దేశంలోని ఎన్నో ఊళ్ళలో ప్రదర్శించారంటే, ఎవరో జాగ్రత్తపడి దాచబట్టే.

మరి మనం దాచినవేమిటి? మన బేస్‌మెంట్లలో పాత సినిమా క్యాసెట్ల పక్కనే ఇంకొన్ని ఉన్నాయి. వాటి మీద చేతిరాతతో "ఉగాది", "పిల్లల నాటకం", "కాన్ఫరెన్సు" అని రాసి ఉంటుంది. సినిమాలకు ఇంకెక్కడో కాపీ ఉంటుంది. ఈ క్యాసెట్లకు లేదు. టేపు ఏటికేడాది బలహీనపడుతోంది. వాటిని ఆడించే యంత్రాల తయారీ 2016లోనే ఆగిపోయింది. ఇల్లు మారేటప్పుడు చెత్తబుట్టలో వేసేముందు వాటిని డిజిటల్‌లోకి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు నాన్నగారినో, అత్తయ్యగారినో పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద ఉన్నవాళ్ళ పేర్లు అడిగి రాసుకోండి. ఆ హాలు ఎక్కడిదో, ఆ రాత్రి ఏ సినిమా వేశారో, ప్రొజెక్టరు ఎవరు తిప్పారో కూడా అడగండి.

ఈ మూడు రోజుల సభల్లో భోజనాల దగ్గర ఎలాగూ సినిమా కబుర్లు తప్పవు. పక్కన కూర్చున్న పెద్దవారిని "ఈ దేశంలో మీరు మొదట చూసిన తెలుగు సినిమా ఏదండీ?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు వినడానికి మాత్రం కాస్త తీరిక ఉంచుకోండి, అది ఒక రీలుతో అయ్యేది కాదు.