చుపాకాబ్రా (టెక్సాస్)

అమెరికాలోని టెక్సాస్ పల్లెల్లో 2004 నుంచి పలుమార్లు కనిపించిన, ఒంటిమీద వెంట్రుకలు లేని కుక్కలాంటి అడవి జంతువును జనం చుపాకాబ్రా అని పిలుస్తారు. ఇది కోళ్లను, మేకలను చంపి రక్తం పీల్చేస్తుందని ప్రచారం ఉంది. అయితే పరీక్షకు వెళ్లిన ప్రధాన కళేబరాలు శునక కుటుంబానికి చెందినవేనని, ఎక్కువగా గజ్జి సోకిన కోయోటీలనే అడవి జంతువులని తేలింది.

పేరు పుట్టుక

స్పానిష్‌లో ‘చుపార్’ అంటే పీల్చడం, ‘కాబ్రా’ అంటే మేక. 1995లో ప్యూర్టో రికో దీవిలో మేకలు, గొర్రెలు వరుసగా చనిపోయినప్పుడు హాస్యనటుడు సిల్వేరియో పెరెస్ ఈ పేరు పెట్టాడని చెబుతారు. అప్పట్లో జనం వర్ణించినది కుక్కను కాదు. అది రెండు కాళ్ల మీద నడుస్తుందని, పెద్ద కళ్లు, వీపు పొడవునా ముళ్లు ఉంటాయని చెప్పారు. ఈ వర్ణన అదే ఏడాది విడుదలైన ‘స్పీషీస్’ సినిమాలోని వింతజీవిని పోలి ఉందని పరిశోధకుడు బెంజమిన్ రాడ్‌ఫోర్డ్ 2011లో వెలువడిన తన పుస్తకంలో చూపించాడు. కథ టెక్సాస్ చేరేసరికి పేరు అలాగే ఉంది, రూపం మాత్రం నాలుగు కాళ్ల జంతువుగా మారింది.

టెక్సాస్ ఘటనలు

2004లో శాన్ ఆంటోనియో సమీపంలోని ఎల్మెన్‌డార్ఫ్ వద్ద ఒక రైతు బూడిద నీలం చర్మం గల జంతువును కాల్చి చంపాడు. 2007లో క్యూరో పట్టణం దగ్గర అలాంటి కళేబరాలు దొరికాయి. క్యూరో జంతువు డీఎన్‌ఏను పరీక్షించిన టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు అది కోయోటీ అని ప్రకటించారు. మరుసటి ఏడాది క్యూరో ఉన్న డివిట్ కౌంటీలోనే పొడవాటి మూతితో పరుగెడుతున్న ఒక జంతువు పోలీసు వాహనంలోని కెమెరాకు చిక్కింది.

వెంట్రుకలు ఎందుకు ఊడతాయి

కోయోటీ నక్కకన్నా పెద్దది, తోడేలుకన్నా చిన్నది. దాని ఒళ్లు నిండుగా కనిపించేది దట్టమైన బొచ్చు వల్లనే. సార్కోప్టెస్ స్కేబియై అనే పురుగు గజ్జికి కారణం. అర మిల్లీమీటరు కూడా ఉండని ఈ పురుగుల్లో ఆడది చర్మంలో సొరంగాలు తొలిచి గుడ్లు పెడుతుంది. దురద భరించలేక జంతువు గోక్కుంటుంది, కొరుక్కుంటుంది. వెంట్రుకలు రాలి, చర్మం మందమై ముడతలు పడి, పొక్కులు కట్టి కంపు కొడుతుంది. బొచ్చు పోయాక చెవులు, కోరలు, కాళ్లు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి. తెలుగు పల్లెల్లో గజ్జికుక్కను చూసినవారికి ఈ రూపం కొత్త కాదు.

రోగం ముదిరి నీరసించిన జంతువు కుందేలును తరిమి పట్టలేదు. అందుకే కట్టేసిన మేకల వైపు, గూట్లో కోళ్ల వైపు వస్తుంది.

రక్తం సంగతి

కుక్కజాతి జంతువులు తరచుగా గొంతు పట్టి చంపుతాయి. పైకి చిన్న గాట్లే కనిపించినా లోపల రక్తస్రావం జరుగుతుంది. గుండె ఆగిపోయాక రక్తం శరీరంలో కిందిభాగానికి దిగి గడ్డకడుతుంది. కళేబరం మీద రక్తం కనిపించకపోతే ఎవరో పీల్చేశారని అనుకోవడం ఇందువల్లే.

మనిషి పాత్ర

గజ్జి పురుగు మొదట మనిషిదేనని, మన నుంచి పెంపుడు కుక్కలకు, వాటి నుంచి అడవి జంతువులకు పాకిందని మిషిగన్ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రజ్ఞుడు బారీ ఓకానర్ వివరించాడు. కొత్తగా సోకిన జాతులకు దాన్ని తట్టుకునే శక్తి ఇంకా అలవడలేదు. 1994లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో మొదలైన గజ్జి అక్కడి 95 శాతానికి పైగా నక్కలను తుడిచిపెట్టింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రం 1905లో తోడేళ్లను, కోయోటీలను నిర్మూలించడానికి ఈ రోగాన్నే కావాలని వాటికి అంటించే చట్టం చేసింది.

గజ్జి సోకిన జంతువు కనబడితే ముట్టుకోకూడదు. పురుగు మనిషి చర్మానికి అంటి కొద్దిరోజులు దురద పెడుతుంది. పెంపుడు కుక్కను దూరంగా ఉంచి వన్యప్రాణి అధికారులకు చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ వంటి మందులతో గజ్జి నయమవుతుంది, రాలిన బొచ్చు మళ్లీ మొలుస్తుంది. జనం భయపడి కాల్చి చంపిన జంతువుకు నిజానికి కావలసింది వైద్యం.