పిడికెడు బియ్యం మీద నిలిచిన సంఘం

విజయవాడ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్లేవాళ్లకు డోర్నకల్ అంటే ఒక జంక్షన్. సింగరేణి బొగ్గు కోసం ఇల్లెందుకు వేసిన లైను ఇక్కడే చీలుతుంది. భద్రాచలం రోడ్డుకు పోయే బండి కూడా ఇక్కడే దారి మళ్లుతుంది. అప్పట్లో నిజాం రాజ్యంలో ఓ మూలనున్న ఈ చిన్న ఊరి పేరు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో వినిపించింది. ఆ రోజు వేదనాయకం శామ్యూల్ అజరయ్య అనే ముప్పై ఎనిమిదేళ్ల తమిళుడు డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడికి బిషప్పు పదవి దక్కడం అదే మొదటిసారి.

చరిత్రకారులు సాధారణంగా ఈ అభిషేకం దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. ఆ తర్వాత ఆయన తెలుగు పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగిన 32 ఏళ్లు అంతకంటే విలువైనవని నా నమ్మకం. దేశంలో క్రైస్తవ పరిచర్యకు అసలు పరీక్ష ఎదురైంది ఆ పల్లెల్లోనే. వాడలకు వాడలు బాప్తిస్మం అడుగుతుంటే వాళ్లను కాచేదెవరు, ఆ కాపరికి అన్నం పెట్టేదెవరు అన్న ప్రశ్నలకు జవాబు అక్కడే వెతకాల్సి వచ్చింది.

ఆ ప్రశ్నలు అజరయ్య పుట్టించినవి కావు. ఆయన రాకముందే తెలుగుదేశంలో అవి ముదిరి ఉన్నాయి. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకుని, తోళ్ల వ్యాపారం మీద తిరిగే ఊళ్లలో తన వాళ్లకు ఆ మాట చెప్పాడు. 1876-78 కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు సాయం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషనరీ పత్రికలకు అది మహోత్సవం. మర్నాటి సంగతి వేరు. ఆదివారం పనికి వెళ్లం, చచ్చిన పశువు మాంసం ముట్టం, జాతరలో డప్పు కొట్టం అన్న మనుషులకు ఊళ్లో బావి మూతపడేది, పొలంలో కూలి దొరికేది కాదు. పక్కన నిలబడేవాడు లేకపోతే ఆ విశ్వాసం ఎన్నాళ్లు నిలుస్తుంది?

అజరయ్యది తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై. 1874 ఆగస్టు 17న పుట్టాడు. తండ్రి ఆంగ్లికన్ గురువు, అంటే పాదిరి. తల్లి పేరు ఎల్లెన్. కులం నాడార్. తాటిచెట్లెక్కి బతికిన ఆ కులం తక్కువ చూపును తరతరాలుగా భరించింది. చదువుతోనూ చర్చితోనూ పైకొచ్చింది. అందుకే కాబోలు, మాలపల్లెలో చాప మీద కూర్చున్నప్పుడు ఆయనకు అది దయ చూపాల్సిన చోటుగా అనిపించలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు కానీ జబ్బు వల్ల పరీక్ష తప్పి పట్టా రాలేదు. 1895 నుంచి వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగాడు. 1902లో జాఫ్నా వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సువార్తికులను పంపడం చూశాడు. మరుసటి ఏడే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బు, మనుషులు, అజమాయిషీ మూడూ భారతీయులవే కావాలన్నది దాని నియమం. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు డోర్నకల్. 1909లో అజరయ్య వైఎంసీఏ ఉద్యోగం వదిలి భార్యాబిడ్డలతో అక్కడికి వచ్చేశాడు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నాడు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. అక్కడ అజరయ్య తెల్లవాళ్ల మొహం మీదే ఒక మాట చెప్పాడు. మీ త్యాగాలు మాకు తెలుసు, వాటికి కృతజ్ఞులం, కానీ మీరు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోలేదు, మాకు స్నేహితులు కావాలి అన్నది దాని సారాంశం. సభలో కొందరికి అది ఒళ్లు మండించింది. రెండేళ్లకు ఆయన్ను బిషప్పు చేద్దామని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టినప్పుడు అదే వర్గం మళ్లీ లేచింది. ఇంగ్లీషు గురువులు భారతీయుడి కింద ఎలా పనిచేస్తారన్నారు. తిరునెల్వేలి క్రైస్తవుల్లోనే కొందరు, నాడార్ బిషప్పును మిగతా కులాలు ఒప్పుకుంటాయా అన్నారు. జాతి అడ్డు ఒకటైతే కులం అడ్డు రెండోది. ఆ రెండో అడ్డు ఆయన్ను చివరిదాకా వదల్లేదు.

మొదట చేతికిచ్చిన డయాసిస్, అంటే అధ్యక్ష మండలం, చిన్నది. 1920లో కృష్ణా, గోదావరి, కర్నూలు ప్రాంతాల్లోని ఆంగ్లికన్ మిషన్లను కూడా కలిపారు. అదే ఏడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1924 నాటికి ఆయన కింద 53 మంది భారతీయ గురువులు, 8 మంది ఇంగ్లీషు గురువులు ఉన్నారు. 1940ల మొదటికి సంఘస్తుల సంఖ్య రెండు లక్షలు దాటింది. అంతమందికి ఇంగ్లండు పద్ధతిలో, ఒక గుడికి ఒక పట్టభద్రుడైన గురువు చొప్పున పెట్టడం కలలో మాట.

కాబట్టి ఊళ్లోనే ఉండి బడీ ప్రార్థనా నడిపే పల్లె ఉపదేశి మీద భారం వేశాడు. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నింటిలో ఇదే పెద్దది. 1930ల నాటికి ఆ మండలంలో రెండు వేల పైచిలుకు ఉపదేశులు ఉండేవారు. ఎక్కువమంది ఆ వాడల్లో పుట్టినవాళ్లే. వాళ్ల చదువు తక్కువ. పగలు పిల్లలు పశువుల వెంట, పెద్దలు దొర పొలంలో ఉంటారు కాబట్టి బడైనా, ప్రార్థనైనా దీపం పెట్టాకే. ఉత్తరం రాసిపెట్టాలి, రోగి దగ్గర కూర్చోవాలి, పెళ్లి తగవు తీర్చాలి. వడ్డీ లెక్క తప్పని తేలితే షావుకారు ముందు ఆ మాట అనాలి. అజరయ్య వీళ్లను డోర్నకల్‌కు రప్పించి శిక్షణ ఇప్పించేవాడు. భార్యలకు కూడా చదువు, శుభ్రత, పిల్లల పెంపకం నేర్పేవారు. ఆ పని ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ చూసేది. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఉపదేశి ఇంటావిడ మంచిదైతే వాడంతా బాగుపడుతుందని పాస్టర్ల భార్యలైన అమ్మగార్లందరికీ అనుభవంలో తెలిసిన సంగతే. కానీ చరిత్రలో మరియమ్మాళ్‌కు దక్కాల్సిన చోటు దక్కలేదు.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్తవాళ్ల చేత తమ చేయి తమ తలమీదే పెట్టించి, ఈ సువార్త ఇతరులకు చెప్పకపోతే నాకు శ్రమే అన్న పౌలు మాట చెప్పించేవాడు. వచ్చిన ప్రతివాడూ ఆ రోజు నుంచే పరిచారకుడు. ఇక పోరాటం మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద. ఈ నాలుగూ ఒకదాన్నొకటి పెంచుకునేవే కాబట్టి, ప్రసంగం ఒక్కటే సరిపోదని ఆస్పత్రులు, సహకార సంఘాలు, అచ్చాఫీసు కూడా నడిపాడు. భజనలు, హరికథల పద్ధతిలో కాలక్షేపాలు, నాటకాలు, క్రైస్తవ జాతరలు ఆరాధనలోకి రానిచ్చాడు. కీర్తన పాడి కథ చెబితే రాత్రంతా కూర్చునే జనానికి, చదివి వినిపించే ప్రసంగం ఎక్కదని ఆయనకు తెలుసు.

జీతం సంగతికొద్దాం, ఎందుకంటే పరిచర్యలో ఎక్కువ గొడవలు మొదలయ్యేది దాని దగ్గరే. విదేశీ మిషను డబ్బుతో బతికే పాస్టరు సంఘానికి మనిషి కాదు, మిషనుకు గుమస్తా. సంఘం ఆయన్ను తెల్లదొరల మనిషిగానే చూస్తుంది. అజరయ్య దీన్ని మార్చాలనుకున్నాడు. రోజు కూలితో బతికేవాళ్ల దగ్గర డబ్బుండదు, ఇచ్చేదేమున్నా ఇంట్లో ఉన్న వస్తువే. వంటకు బియ్యం పోసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి కానుక కుండలో వేసేది, ఆదివారం దాన్ని గుడికి తెచ్చేది. కోత పండక్కి తొలి పనలు, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, గుడ్లు వచ్చేవి. ఆరాధన అయ్యాక వాటిని గుడి ముందే వేలం వేసేవారు. క్రైస్తవుల దాతృత్వం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం తర్వాత ఇతర భాషల్లోకీ వెళ్లింది. అందులోని ఆలోచన ఈ కుండలోంచి వచ్చినదే.

పేదల దగ్గర పిండడం కాదా ఇది అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వానలు లేని ఏడు సంఘం ఇచ్చేది అడుగంటితే ముందు పస్తులుండేది పాస్టరు పిల్లలే. అయినా నేను అజరయ్య వైపే నిలబడతాను. ఊళ్లో ప్రతి పండక్కీ పెద్దల చేతిలోంచి తీసుకోవడమే తప్ప, ఇచ్చే హక్కు ఎరగని జనం వాళ్లు. ఇచ్చినవాడికి అడిగే నోరు వస్తుంది. సంఘపెద్దగా కూర్చుని కానుకల లెక్క అడిగిన మాదిగ కూలీకి, దొర దగ్గర తన కూలి లెక్క అడగడం కూడా అక్కడే అలవాటైంది.

కులం దగ్గర మాత్రం ఆయన సగమే గెలిచాడు. గుడిలో మాలలు, మాదిగలు ఒకే గిన్నెలో ప్రభు సంస్కారం తీసుకోవాలని పట్టుబట్టాడు. చాలా ఊళ్లలో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి మిగిలిపోయాయి. పాస్టరు ఏ కులంవాడో ముందు తెలుసుకునే సంఘాలు ఈనాటికీ ఉన్నాయి. బయటినుంచి కూడా ఒత్తిడి వచ్చింది. దళితులు మతాల మంచిచెడ్డలు తూచుకునే స్థితిలో లేరని గాంధీజీ 'హరిజన్' పత్రికలో వాదించారు. 1932 పూనా ఒడంబడిక తర్వాత తలల లెక్కే రాజకీయమైన కాలంలో గాంధీజీ ఆందోళనను తీసిపారేయలేం. కానీ వాళ్లు ఆలోచించుకునే వచ్చారనీ, మారిన వాళ్ల బతుకే దానికి సాక్ష్యమనీ అజరయ్య నిలబడ్డాడు. ఆ బతుకులు చూసే కొన్నిచోట్ల శూద్ర కులాలవాళ్లు కూడా బాప్తిస్మానికి వచ్చారు. అంబేడ్కర్ ఆయన్ను కలిసి, మేం క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉంటామా, కులం పీడ పూర్తిగా పోతుందా అని అడిగితే, బిషప్పు సిగ్గుపడి మౌనంగా ఉండిపోయాడని చెబుతారు.

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య గట్టిగా వాదించాడు. సంఘం ఓట్ల గుంపుగా మారితే అందరికీ సువార్త చెప్పే నైతిక హక్కు పోతుందన్నది ఆయన భయం. ఆ వాదన నాకు గొప్పదిగానే కనిపిస్తుంది. కానీ దాని పక్కనే మరో నిజం పెట్టాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలోకి రానివ్వలేదు. తెలుగునాట వాళ్లు బీసీ-సి అయ్యారు. ఆయన తలమీద చేయి పెట్టించి బాప్తిస్మం ఇచ్చిన కుటుంబాల మనవలు, మునిమనవలు సర్టిఫికెట్టులో హిందువులుగా, ప్రార్థనలో క్రైస్తవులుగా బతకాల్సి వస్తోంది. వాళ్ల దగ్గరకు వెళ్లే ఈనాటి పాస్టరుకు ఇంతకంటే బరువైన విషయం మరొకటి లేదు. దీని మీద వేదిక ఎక్కి మాట్లాడే ధైర్యం చాలామంది నాయకులకు ఇంకా రాలేదు.

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. కట్టడానికి పాతికేళ్ల దాకా పట్టింది. పల్లెబడికీ ఉపదేశికీ ఇచ్చాక మిగిలిందే దానికి దక్కేది. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపం తరహా స్తంభాలు, రాతిలో తామరలు. ఇంగ్లండు గోతిక్ గుడిని అచ్చుగుద్ది తేవడానికి ఆయన ఒప్పుకోలేదు.

1919లో తరంగంబాడిలో కొద్దిమందితో కూర్చుని ఆయన మొదలుపెట్టిన సంఘాల ఐక్యత చర్చ, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. చూడ్డానికి ఆయన లేడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. ఆంగ్లికన్ సంఘంలో సొంత డయాసిస్ ఉన్న భారతీయ బిషప్పు ఆయన బతికున్నంత కాలం మరొకరు లేరు. ఆయన తర్వాత ఆ గద్దె మీదికి మళ్లీ ఇంగ్లీషువాడే, ఆంథనీ ఎలియట్ వచ్చాడు. ఎలియట్ మంచివాడే. కానీ ముప్పై రెండేళ్ల పని తర్వాత కూడా వారసుడిగా ఒక తెలుగువాణ్ని చూపలేకపోవడం ఆ నాయకత్వంలోని లోటు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లయితే ఐక్య సంఘంలో చేరడానికే నిరాకరించి, 1970ల దాకా వేరుగానే ఉన్నారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో కూడా ఆ చీలిక నడిచింది.

అజరయ్య గురించి పుస్తకాలున్నాయి, ఆయన పేర విజయవాడలో ఆడపిల్లల హైస్కూలుంది. ఆ రెండు వేలమంది ఉపదేశుల సంగతేమిటి? వాళ్ల పేర్లు దొరికే చోటు ఒక్కటే, పాత గురుమండలాల్లోని (పాస్టరేట్లలోని) బాప్తిస్మపు, పెళ్లిళ్ల రిజిస్టర్లు. తెలుగు పల్లెల్లో ఎన్నో దళిత కుటుంబాల తాత ముత్తాతల పేరు, ఊరు, వృత్తి మొదటిసారి కాగితం మీదికెక్కింది వాటిలోనే. చాలాచోట్ల అవి బీరువాల్లో చెదలకు వదిలేసి ఉన్నాయి. డయాసిస్‌లూ, విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలూ కలిసి వాటిని ఇప్పుడే ఫొటోలు తీయించాలి. కొన్ని పుటల్లో సిరా ఇప్పటికే చదవడానికి వీల్లేకుండా పోయింది.