పెంకుటిల్లా? డాబానా?

ఇంటిమీద ఖర్చు అనగానే అందరికీ మేస్త్రీ చెప్పే అంకె గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ అంకె వెనకాల చరిత్ర కనిపిస్తుంది. ఏం చెయ్యను, బి.ఏ.లో చదివిన చరిత్ర అంత తొందరగా వదిలిపెట్టదు!

మా అత్తవారిది బెంగుళూరు పెంకుల ఇల్లు. పేరుకే బెంగుళూరు. మనదేశంలో ఆ పెంకు పుట్టినిల్లు మంగుళూరు. ఇంకా వెనక్కి వెళితే ఫ్రాన్సు! అల్సాస్ ప్రాంతపు గిలార్డోని అన్నదమ్ములు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే పెంకుకి 1841లో పేటెంటు తీసుకున్నారు. 1865లో బాసెల్ మిషన్‌కి చెందిన ప్లెబ్స్ట్ అనే జర్మన్ ఆయన మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టించారు. నేత్రావతి, గురుపుర నదుల ఒడ్డున దొరికే బంకమట్టి అందుకు కలిసొచ్చింది. మతం మారి, ఉన్న బతుకుతెరువు పోగొట్టుకున్నవాళ్లకి పని చూపించడం మిషన్ వారి ఉద్దేశం. మన నెత్తిమీద ఇంత కథ ఉందన్నమాట!

అంతకుముందు మన పల్లెల్లో తాటాకు, లేదంటే నాటుపెంకు. తాటాకు చవకే, కానీ ఏడాదికో రెండేళ్లకో మళ్లీ నేయించాలి. నాటుపెంకుని ఏటా వానలకి ముందే సర్దించుకోవాలి. ఓ కోతిమూక పరుగెత్తిందంటే మళ్లీ కారుడే. బెంగుళూరు పెంకుకి ఒకసారే పెద్ద ఖర్చు, తరవాత నిశ్చింత. అన్నిటికంటే ముఖ్యం, నిప్పు భయం తగ్గింది. వేసవిగాలికి పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ లేస్తే తాటాకిళ్లు వరసగా అంటుకునేవి. ఆ పొయ్యి దగ్గర ఉండేది ఎవరండీ? మనమే కదా!

ఇప్పుడు మా ఇంటికప్పు రెండుచోట్ల కారుతోంది. పెంకులు పీకించి స్లాబు వేయించమన్నాడు మేస్త్రీ. మావారూ అటే మొగ్గారు. "ఈ పెంకుల కింద యాభై ఎండాకాలాలు పడుకున్నానే అమ్మాయ్" అని ఊరుకున్నారు అత్తయ్యగారు. ఇల్లు మావారి పేరునే ఉంది. కానీ రోజంతా ఆ ఇంట్లో ఉండేది ఆవిడ.

ఆవిడ మాటలో ఉన్నది మమకారం ఒక్కటే కాదు. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి మనమీద కక్కుతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్లలో అయితే లెక్క వేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు గట్టి డాబా కావాలంటే ఎవరం కాదనగలం? మా ఊరు సముద్రానికి చాలా దూరం.

వడ్రంగిని పైకెక్కించి చూపించాను. పగిలిన పెంకులు నలభైకి మించి లేవు. చెదపట్టినవి కొన్ని రీపర్లు, రెండు వాసాలు. దూలం రాయిలా ఉంది. అంటే జబ్బు పెంకుది కాదు, కర్రది. కర్ర మార్చడానికి స్లాబు ఖర్చులో నాలుగోవంతు కూడా కాదు. కాగితంమీద లెక్క చూపిస్తే మావారు మారుమాట్లాడలేదు. దూలమే పుచ్చి ఉంటే నేనూ స్లాబుకే ఓటేసేదాన్ని.

మిగిలిన డబ్బులోంచి వంటింటిమీద రెండు గాజుపెంకులు వేయించమన్నాను. పట్టపగలు లైటు వేసుకుని పప్పులో రాళ్లేరుకునే అవస్థ అత్తయ్యగారికి తప్పుతుంది.