స్క్రేపరు పూర్వచరిత్ర

మట్టిపనిలో నాలుగు పనులు ఇమిడియున్నవి: నేలను గీయుట, గీసిన మట్టిని ఎత్తుట, ఎత్తినదానిని మోసికొనిపోవుట, మోసినదానిని కావలసినచోట కావలసిన మందమున పఱచుట. అనాదికాలమునుండి మనుష్యుడు ఈ నాలుగింటికిని వేర్వేరు సాధనములను, వేర్వేరు చేతులను వినియోగించుచు వచ్చెను; పలుగు పట్టినవాడొకడు, పారతో తట్ట నింపినవాడొకడు, ఆ తట్టను నెత్తిన పెట్టుకొని కట్టకు చేర్చినది వేఱొకతె. ఈ నాలుగు పనులను ఒక్క పాత్రలో, ఒక్క మనుష్యుని అధీనములో, ఒక్క నడకలో కూర్చిన పరికరమే స్క్రేపరు. బుల్డోజరు పేరు నేడు పసివానికైనను తెలియును. దానికంటె సూక్ష్మబుద్ధితో నిర్మింపబడిన స్క్రేపరు పేరు ఇంజనీర్లకును, ఆనకట్టలపై పనిచేసినవారికిని తప్ప ఇతరులకు అంతగా తెలియదు.

దాని జన్మస్థానము కాలిఫోర్నియాలోని సాన్ వాకీన్ లోయ. పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున ఆ లోయలో నేల విస్తారముగానుండెను, ఎండ పుష్కలముగానుండెను, సియెర్రా నెవాడా పర్వతముల మంచు కరగి నదులుగా దిగుచుండెను. లేనివి కాలువలు మాత్రమే. ఇసుకపాలు హెచ్చుగానున్న ఆ నేలలో కాలువ త్రవ్వుటయు, పొలమును నీరు పాఱునట్లు చదును చేయుటయు సేద్యమునకు మొదటి షరతులు. మనుష్యులు తక్కువ, కూలి ప్రియము, గుఱ్ఱములు కావలసినన్ని. కనుక గుఱ్ఱములచేత ఈడ్పించు పరికరములపై అక్కడి కమ్మరుల బుద్ధియంతయు కేంద్రీకృతమైనది. అంతకుముందు వాడుకలోనుండిన ఈడ్పుపలకలు మట్టిని ముందుకు నెట్టుకొనిపోవునేగాని తమలో నిలుపుకొనజాలకుండెను. నెట్టిన మట్టి పక్కలకు జాఱిపోవుచుండగా గుఱ్ఱముల శ్రమలో అధికభాగము వ్యర్థమగుచుండెను.

స్కాట్లండులో పుట్టి, కమ్మరపు పనియు బండ్ల నిర్మాణమును నేర్చి, ఫ్రెస్నో పట్టణమున కార్ఖానా పెట్టుకొనిన జేమ్స్ పోర్టియస్ ఈ చిక్కును విప్పెను. అదే ప్రాంతమున అదే ప్రయత్నములో నున్న ఇతరుల పేటెంటు హక్కులను గూడ కొని తన కల్పనతో జతచేసి, 1883లో అతడు పేటెంటు పొందిన పరికరమునకు ఆ ఊరిపేరే స్థిరపడినది. ఫ్రెస్నో స్క్రేపరు చూచుటకు మిక్కిలి సామాన్యమైనది: అర్ధచంద్రాకారముగా వంచిన ఉక్కు తొట్టి, దాని క్రిందిపెదవికి పదునైన బ్లేడు, వెనుక ఒక పొడవైన పిడి, ప్రక్కల రెండు జాఱుడు పట్టాలు. నడుపువాడు పిడిని కొంచెమెత్తగా బ్లేడు నేలలో దిగి మట్టి తొట్టిలోనికి దొరలుచు నిండును. పిడిని అణచగా తొట్టి వెనుకకు వాలి, బరువుతోసహా నేలమీద జాఱుచు పోవును. మరల ఎత్తగా మట్టి పడును. ఎంత ఎత్తితే అంత పలుచగానో మందముగానో పఱచుకొనును. ఈ చివరి గుణమే దాని ఘనత. గుట్టగా పోసిన మట్టిని మరల పారలతో చదును చేయవలసిన పని తప్పినది. అపాయమును లేకపోలేదు: బ్లేడు దాగియున్న రాతికి తగిలెనా, ఆ పిడి ఎగిరి నడుపువానిని విసరివేయుచుండెను. ఆ తొట్టి కాలిఫోర్నియా కాలువలనుండి రైలుకట్టలకును, పనామా కాలువకును, మొదటి ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యపు పనులకును ప్రాకినది.

గుఱ్ఱము స్థానమున ట్రాక్టరు వచ్చుటకు ఎంతోకాలము పట్టలేదు. ఆ లోయలోనే యున్న స్టాక్టన్ పట్టణమున బెంజమిన్ హోల్టు 1904లో బురదనేలలో దిగబడకుండ నడుచు గొలుసుపట్టాల ట్రాక్టరును పరీక్షించెను; 1925లో అతని సంస్థయు ట్రాక్టర్ల తయారీలో దానికి పోటీయైన బెస్టు సంస్థయు కలసి క్యాటర్‌పిల్లర్ ఏర్పడినది. కాని స్క్రేపరు చరిత్రలో ప్రధానపురుషుడు రాబర్ట్ గిల్మోర్ లెటూర్నో. 1888లో వెర్మాంటు రాష్ట్రమున పుట్టి, పదునాలుగవయేట బడి విడిచి, పోతపని, మోటారుపని, యుద్ధకాలమున నౌకానిర్మాణశాలలో విద్యుద్యంత్రముల పనియు నేర్చి, వెల్డింగులో చేయి తిరిగిన ఆ మనుష్యుడు, తన గ్యారేజీ అప్పులపాలుకాగా 1920లో ఒక పాత హోల్టు ట్రాక్టరును కొని, అద్దె స్క్రేపరుతో రైతుల పొలములు చదునుచేయు గుత్తపని పట్టెను. రోజంతయు ఆ పని స్వయముగా చేసినవాడగుటచేతనే దాని లోపములు అతనికి కంటికి కట్టినట్లు కనబడినవి. రివెట్లతో బిగించు వాడుకను విడిచి, వెల్డింగుతో ఉక్కు పలకలను అతికించి, విద్యుత్తు మోటారులతో తొట్టిని లేపుచు దించుచు నుండు స్క్రేపరులను అతడు 1922 మొదలు తయారుచేసెను. వెల్డింగును నమ్మరాదని ఇంజనీర్లు పలువురు తలచుచుండిన కాలమది. పొలములో విఱుగక నిలిచిన యంత్రములే వారి సంశయమునకు సమాధానమైనవి.

1920ల చివర అతడు విద్యుత్తును మాని వైరు రోపును ఆశ్రయించెను. ట్రాక్టరు వెనుక రెండు డ్రమ్ములు; ఒక డ్రమ్ము తాడు తొట్టిని లేపును, రెండవదాని తాడు ముందుతలుపును ఎత్తి, ఇంకను లాగినచో వెనుకనున్న తోపుడుపలకను ముందుకు జరిపి మట్టిని బయటికి నెట్టును. 1932లో వచ్చిన క్యారీఆల్ స్క్రేపరు ఈ పద్ధతిదే. ఆ దశాబ్దపు ఆరంభముననే ఇనుప చక్రములకు బదులు పెద్ద రబ్బరు టైర్లు అమర్చుట కూడ అతని సాహసమే. 1938 నాటికి ట్రాక్టరును స్క్రేపరును ఒక్కటిగా కలిపిన, రెండు చక్రముల ఇంజనుతో రోడ్డు వేగమున పరుగెత్తు టూర్నపుల్ బయలువెడలినది. రెండవ ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యములు వాడిన మట్టిపని యంత్రములలో సుమారు 70 శాతము అతని కార్ఖానాలనుండి వచ్చినవని ప్రసిద్ధి. 1953లో అతడు ఆ వ్యాపారమును వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ సంస్థకు విక్రయించెను. తరువాత హైడ్రాలిక్ సిలిండర్లు తాడును తొలగించినవి. ఆ పాత యంత్రములు గడ్డిలో మునిగి, వానకు తడిసి, తుక్కు వర్తకుని త్రాసుకు ఎక్కినవి.

వానిని వెదకి తెచ్చి బాగుచేయువారు అమెరికాలోను ఆస్ట్రేలియాలోను బ్రిటనులోను నేడు కలరు. ఒహాయో రాష్ట్రపు బౌలింగ్ గ్రీన్ పట్టణమున చారిత్రక నిర్మాణయంత్రముల సంఘమువారి ప్రదర్శనశాల కలదు. ఆ సంఘపు వార్షిక సమావేశములలో పాత యంత్రములు నిజమైన మట్టిని త్రవ్వి చూపును. ఈ పునరుద్ధరణ ఎంత ఓర్పు కోరునో ఊహింపుడు. ముందు బిగుసుకొనిపోయిన ఇంజను: సిలిండర్లలో నూనె పోసి, దినముల తరబడి నానబెట్టి, బలవంతము చేయక కదల్పవలెను. క్యాటర్‌పిల్లర్ డి8 వంటి ట్రాక్టర్లలో డీజిలు ఇంజనును త్రిప్పుటకు రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను ఉండును. దానిని ముందు బ్రదికింపవలెను, అది పెద్దదానికి తన వేడినీటిని ఇచ్చి, నిదానముగా త్రిప్పి, మేల్కొలుపును. తరువాత తాడు నడచు కప్పీలు. స్క్రేపరునందు ఇవి పెక్కు. ఒక్కటి తుప్పుపట్టి తిరుగనిచో క్రొత్త తాడును సైతము కొలది గంటలలో కోసివేయును. కనుక ప్రతి కప్పీని విప్పి, బేరింగు మార్చి, గ్రీజు పట్టింపవలెను. అటుపిమ్మట డ్రమ్ముల క్లచ్చి, బ్రేకు పట్టీలు. తొట్టి అడుగును తిన్న తుప్పుకు క్రొత్తరేకు. రెండు అంచులును అరిగిన బ్లేడు. దొరకని టైర్ల సంగతి చెప్పనే అక్కఱలేదు.

ఐనను, యంత్రము బాగుపడుటతో పని సగమే ముగిసినదని నా అభిప్రాయము. తాడు లాగగలదేగాని నెట్టజాలదు. హైడ్రాలిక్ సిలిండరు బ్లేడును నేలలోనికి అదుమును. తాడుతో నడచు స్క్రేపరు బ్లేడు కేవలము తన బరువుచేతను పదునుచేతను దిగవలెను. అందుచేత పాత ఆపరేటరు నేలను చదువుటలో పండితుడు కావలసివచ్చెను: గట్టినేలను ముందుగా కోరలనాగలితో పెళ్లగించుట, పల్లమువైపునకు నడుచుచు నింపుట, ఇసుకనేలలో తొట్టిని మాటిమాటికి లేపుచు దించుచు మట్టిని లోనికి ఉబికించుట, ఇవన్నియు అతని చేతులలో నుండిన విద్యలు. తొలినాటి టూర్నపుల్ మఱింత జాణతనము కోరెను. ఒకప్రక్క చక్రమునకు క్లచ్చి విడిచి త్రిప్పు ఆ బండి, పల్లమున బరువుతో దిగునప్పుడు త్రిప్పదలచిన దిక్కును విడిచి వేఱొక దిక్కుకు తిరుగును; ఆ రహస్యము ఎఱుగనివాని ప్రాణము దక్కుట కష్టము. ఇట్టి విద్య రంగువేసి గదిలో నిలిపిన యంత్రమునుండి ఎవరును నేర్వజాలరు. పసుపురంగు మెఱయునట్లు పూసి, మట్టి అంటనీయక దాచువారియెడ నాకు గౌరవము కలదు. కాని బ్లేడు నేలను తాకునట్లు నడిపించి, ఆ మీటలను యువకుల చేతికి ఇచ్చువారే ఈ వృత్తికి నిజమైన వారసులని నేను తలచెదను.

మన దేశమున మట్టిపని చరిత్ర వేఱుదారి పట్టినది. చెఱువులు త్రవ్వుటయే కులవృత్తిగా గల వడ్డెరల పలుగుపారలమీద మన సేద్యము తరతరములు నిలిచినది. లెటూర్నో తన వ్యాపారమును అమ్ముకొనిన రెండేండ్లకు, 1955 డిసెంబరు 10వ తేదీన, నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము ప్రధానముగా మనుష్యుల చేతులతో పైకి లేచిన రాతికట్టడము. కాలిఫోర్నియాలో కూలి కొఱవడి యంత్రము పుట్టినది. మనకు చేతులు కొఱవడలేదు, కనుక యంత్రము ఆలస్యముగా వచ్చినది. ప్రభుత్వము భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థను బెంగుళూరున స్థాపించినది 1964లో.

సాగునీటి శాఖల యార్డులలోగాని, గుత్తదారుల దొడ్లలోగాని పాత స్క్రేపరో దాని డ్రమ్ములో ఎవరి కంటనైన పడినచో, తుక్కు వేలమునకు పోకముందే దాని పలకపైని అంకెలను వ్రాసికొనుడు, ఛాయాచిత్రము తీయుడు. దానిని నడిపిన వృద్ధుడు జీవించియున్నచో, ముందుగా అతనియొద్దకు పోయి, ఆ మీటలను ఏ నేలలో ఎట్లు పట్టెనో అడిగి వ్రాసిపెట్టుడు.