తేలికపాటి ఫైల్ నిర్వాహకాలు, పాఠ్య సంపాదకాలు

తక్కువ మెమరీతో, పాత కంప్యూటర్లలో కూడా చురుగ్గా పనిచేసేలా రూపొందించిన డెస్క్‌టాప్ అనువర్తనాలివి. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ వంటి పెద్ద పరిసరాలతో వచ్చే అనువర్తనాలకు ఇవి ప్రత్యామ్నాయం.

ఫైల్ నిర్వాహకాల్లో థూనార్ ప్రసిద్ధం. 2007లో వెలువడిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.4తో అది ఆ పరిసరానికి ప్రధాన నిర్వాహకమైంది. తైవాన్‌కు చెందిన హాంగ్ జెన్ యీ రాసిన పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం ఎల్‌ఎక్స్‌డీఈలో భాగం. సంపాదకాల్లో లీఫ్‌ప్యాడ్ అతి సరళమైనది. మౌస్‌ప్యాడ్ దాని కోడుతోనే మొదలై, తర్వాత పూర్తిగా కొత్తగా రాయబడింది.

తెలుగు వాడుకరికి అసలు పరీక్ష అక్షరాల కూర్పు. గుణింతాలనూ ఒత్తులనూ ఈ అనువర్తనాలు సొంతంగా పేర్చవు. జీటీకే ఆధారితమైనవి ఆ పనిని పాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీలకు అప్పగిస్తాయి. అందుకే చిన్న సంపాదకంలోనూ 'స్త్రీ' చెదరకుండా కనిపిస్తుంది. ఎక్స్‌టెర్మ్ వంటి పాత టెర్మినళ్లలో నడిచే సంపాదకాలకు ఈ సదుపాయం లేదు, కనుక తెలుగు రాతకు అవి తగవు.

ఫైలు పేర్లకూ ఒక హద్దుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు. 'యానాం' అనే పేరులో రెండు హల్లులు, రెండు దీర్ఘాలు, సున్న కలిసి 5 సంకేతాలు, అంటే 15 బైట్లు. ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థ పేరుకు 255 బైట్లే అనుమతిస్తుంది కాబట్టి తెలుగు పేరు 85 సంకేతాలు దాటకూడదు. యానాం రెవెన్యూ పత్రాలకైనా, హైదరాబాద్ పుస్తక ప్రతులకైనా పొడవైన శీర్షికలనే ఫైలు పేర్లుగా పెట్టేవారు దీన్ని గమనించాలి. నిర్వాహకం మార్చినా ఈ పరిమితి మారదు. అది ఫైల్ వ్యవస్థది.