కాస్పిర్ లోపలా, బయటా

మందుపాతర పేలితే బండిలో ఉన్నవాళ్లు మంటల వల్లో, ఎగిరొచ్చే ఇనుప ముక్కల వల్లో చనిపోతారని చాలాకాలం అనుకున్నాను. అవీ కారణాలే. కానీ కాళ్ల కింది ఇనుప నేలే కళ్లు మూసి తెరిచేలోగా పైకి ఉబికి తంతుంది. పాదాలు, కాళ్ల ఎముకలు, వెన్నుపూసలు విరిగిపోతాయి. అడుగు బల్లపరుపుగా ఉంటే పేలుడు దెబ్బంతా దాని మీదే పడుతుంది.

దీనికి విరుగుడు 1970లలో రొడీషియా, దక్షిణాఫ్రికాల్లో తయారైంది. అక్కడి తెల్లవాళ్ల ప్రభుత్వాలతో పోరాడే గెరిల్లాలు మట్టిరోడ్లలో మైన్లు పాతేవారు. ఇంజనీర్లు బండి అడుగుని పడవలా, ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా మలిచి, నేల నుంచి బాగా ఎత్తులో పెట్టారు. పేలుడు ఆ ఏటవాలు గోడల మీంచి పక్కలకి జారిపోతుంది. చక్రాలు ఊడితే ఊడనీ, మనుషులున్న పెట్టె మిగిలితే చాలు. తలలు పైకప్పుకి కొట్టుకోకుండా బెల్టులు బిగించారు.

వాటిలో పేరుమోసింది కాస్పిర్. వాడుకున్న పోలీసుశాఖ ఎస్‌ఏపీ, రూపొందించిన పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్. ఈ రెండిటి అక్షరాలూ కలిపి తారుమారు చేస్తే వచ్చిన పేరది.

నమీబియా సరిహద్దుల్లో తిరిగిన ఈ బండే 1980లలో నల్లవాళ్ల బస్తీల్లోకి వచ్చింది. అక్కడ రోడ్లలో మైన్లు లేవు. రాళ్లు పట్టుకున్న పిల్లలున్నారు.

ఆ తర్వాత అపార్థైడ్ పోయింది, డిజైన్ మిగిలింది. మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన ‘ఆదిత్య’కి మూలం కాస్పిరే. ఇరాక్‌లో అమెరికన్ సైనికులు మాత్రం బల్లపరుపు అడుగున్న హమ్వీల్లోనే తిరుగుతూ చనిపోయారు. ఇలాంటి బండ్లు కావాలని మెరీన్లు 2005లోనే అడిగారు. 2007లో రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ పట్టుబట్టాక గానీ అవి పెద్దయెత్తున రాలేదు. అప్పటికి ఆ విద్య పుట్టి ముప్ఫయ్యేళ్లు. తెలియక కాదు, ఎవరి కాళ్లు ఎంత విలువో తేల్చుకోడానికి అంతకాలం పట్టింది.

జొహానెస్‌బర్గ్‌లో పుట్టిన కళాకారుడు రాల్ఫ్ జిమన్ ఒక పాత కాస్పిర్‌ని రంగురంగుల గాజుపూసలతో కప్పించాడు. ఆ ఫొటో చూసినప్పుడు నా చూపు ముందు బండి అడుగు మీదికే పోయింది. ఎంత తెలివైన ఆకారం అనుకున్నాను. ఇన్నాళ్లూ ఈ బండి గురించి చదివిందంతా లోపల కూర్చున్నవాళ్ల వైపు నుంచే అని అప్పుడు తట్టింది. వీధి చివర అది మలుపు తిరగడం చూసి పరిగెత్తిన పిల్లల వైపు నుంచి ఒక్క పేజీ కూడా చదవలేదు.