పుట్టింటివారు పట్టుకుపోయిన రాజ్యం

చరిత్ర పుస్తకాలు చదివేటప్పుడు నాకో అలవాటు. యుద్ధాలు రాగానే గబగబా పేజీలు తిప్పేస్తాను. పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం ఆగిపోతాను. చరిత్రకారులు యుద్ధానికి నాలుగు పేజీలిచ్చి, రాజుగారి పెళ్ళిని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని లాగి చూడండి, డొంకంతా కదులుతుంది. మధ్యధరా సముద్రంలో సైప్రస్ ద్వీపాన్ని సుమారు మూడువందల ఏళ్ళు ఏలిన లుసిన్యాన్ వంశం సంగతే తీసుకోండి. ఆ కథ మొదలైంది పెళ్ళితో, ముగిసిందీ పెళ్ళితోనే.

సైప్రస్ పెద్ద దేశమేమీ కాదు. మన పాత కృష్ణా జిల్లాకంటే కాస్త పెద్దది, అంతే. దాన్ని ఏలిన లుసిన్యాన్‌లు ఆ నేలవాళ్ళు కారు, ఫ్రాన్సులోని పువతూ ప్రాంతపు దొరలు. వాళ్ళ వంశానికి మూలపుటమ్మ మెల్యుసీన్ అనే దేవకన్య అని ఒక కథ ఉంది. శనివారంనాడు తనని చూడకూడదని షరతు పెట్టి పెళ్ళాడిందట. మొగుడు ఊరుకుంటాడా? తొంగిచూశాడు. నడుము కిందంతా పాము! షరతు తప్పగానే ఆవిడ ఎగిరిపోయింది. మన గంగా శంతనుల కథకి చెల్లెలు కాదూ ఇది?

ఈ వంశంలో గై అనే చిన్నవాడు జెరూసలేం రాజకుమారి సిబిల్లాని పెళ్ళాడాడు. ఆవిడ రాణి కావడంతో 1186లో అతనూ రాజయ్యాడు. ఆ మరుసటి ఏడే హత్తీన్ యుద్ధంలో సలాదీన్ చేతిలో ఓడి రాజ్యం పోగొట్టుకున్నాడు. 1190లో సిబిల్లా, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలూ యుద్ధశిబిరంలో జబ్బుచేసి పోయారు. పాపం, గై భార్యతోపాటు కిరీటాన్నీ పోగొట్టుకున్నాడు. కిరీటం భార్య తరఫుది మరి. అది ఆవిడ చెల్లెలు ఇసబెల్లాకి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డు జైత్రయాత్రకి పోతూ, దారిలో సైప్రస్‌ని గెలుచుకున్నాడు. 1191 మే నెలలో అక్కడి లిమసోల్ రేవులోనే బెరంగేరియా అనే పిల్లని పెళ్ళి కూడా చేసుకున్నాడు. తర్వాత ద్వీపాన్ని టెంప్లర్లనే యోధసన్యాసులకి లక్ష బెజాంట్ల బంగారానికి బేరం పెట్టి, నలభై వేలు బయానా పుచ్చుకున్నాడు. ఏడాది తిరక్కుండానే జనం తిరగబడేసరికి, మాకొద్దు బాబోయ్ అని టెంప్లర్లు తిరిగిచ్చేశారు. అప్పుడు గై, అప్పుచేసి ఇల్లు కొనుక్కున్నట్టు, 1192లో సైప్రస్‌ని కొనుక్కున్నాడు. రెండేళ్ళకే పోయాడు. తమ్ముళ్ళకీ అన్నలకీ రాజ్యాలు దక్కడం లోకంలో ఉన్నదే. గై అన్న ఎమరీకి 1197లో కిరీటధారణ జరిగింది. ఆయన ఏం చేశాడనుకున్నారు? జెరూసలేం కిరీటాన్ని పట్టుకుపోయిన ఆ ఇసబెల్లానే పెళ్ళాడాడు. అప్పటికి ఆవిడకి ఇది నాలుగో పెళ్ళి!

ఇంకో వింత. 1267లో ఈ వంశానికి మగసంతు లేకుండా పోయింది. ఇంటి ఆడపడుచు ఇసబెల్లా (ఈవిడ వేరే ఇసబెల్లా) కొడుకు హ్యూ రాజై, తండ్రి ఇంటిపేరు వదిలి తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మనం వినే లుసిన్యాన్ రాజులంతా నిజానికి ఆడపిల్ల సంతానమే. ఇంటిపేరు నిలబెట్టింది ఆడపడుచు. పుస్తకాల్లో పేర్లు మాత్రం రాజులవి.

1291లో పాలస్తీనాలో క్రైస్తవుల చివరి పెద్ద పట్టణం ఆకర్ పడిపోయింది. అక్కణ్ణించి పారిపోయిన వర్తకులంతా సైప్రస్‌లోని ఫమగుస్తా రేవుకి చేరారు. ఊరు బంగారంలా పండింది. రాజులు నికోసియాలో సైప్రస్ కిరీటం పెట్టుకుని, మళ్ళీ ఫమగుస్తాకి వచ్చి చేతిలో లేని జెరూసలేంకి కూడా కిరీటం పెట్టుకునేవారు. ఆడవాళ్ళ సంగతి వేరు. 1335లో అక్కడికి వచ్చిన ఇటలీ యాత్రికుడొకడు, స్త్రీలు తలమీంచి నల్లని వస్త్రం కప్పుకుని తిరుగుతున్నారనీ, అది పోయిన ఆకర్ కోసం పట్టిన మైల అనీ రాశాడు. అప్పటికి ఆకర్ పోయి నలభై ఏళ్ళు దాటింది! మగవాళ్ళు లేని రాజ్యానికి కిరీటాలు పెట్టుకుంటూంటే, ఆడవాళ్ళు దాని మైల మోస్తున్నారన్నమాట.

ప్రజలు మాట్లాడేది గ్రీకు, దొరలు మాట్లాడేది ఫ్రెంచి. లుసిన్యాన్‌ల కొలువులో పనిచేసిన మఖైరాస్ అనే గ్రీకాయన పదిహేనో శతాబ్దంలో ఒక చరిత్ర రాశాడు. దొరల భాష నేర్చుకోబోయి మా గ్రీకు పాడైపోయింది, ఇప్పుడు మేం మాట్లాడేది ఏ భాషో ఎవరికీ తెలీదు అని వాపోయాడందులో. మన ఇళ్ళలో పిల్లల మాటలు వింటే ఆయన బాధ మనకి బాగానే అర్థమౌతుంది.

ఆ మఖైరాసే ఎలియనోర్ రాణి కథ చెప్పాడు. ఈమె స్పెయిన్‌లోని అరగాన్ ఆడపడుచు, మొదటి పీటర్ భార్య. పీటర్ 1365లో అలెగ్జాండ్రియాని కొల్లగొట్టిన వీరుడు. ప్రయాణాల్లో రాణిగారి రాత్రి దుస్తు పక్కలో పెట్టుకుని పడుకునేవాడట. అంత ప్రేమ! అంత ప్రేమా ఉంటూనే జోవన్నా అనే ఆవిణ్ణి ఉంచుకున్నాడు. ఆవిడ నిండు గర్భిణి. రాజు ఊళ్ళో లేని సమయం చూసి రాణి ఆవిణ్ణి పట్టితెప్పించి, పడుకోబెట్టి, కడుపుమీద రాతి రోలు పెట్టించి ఉప్పు దంపించిందని మఖైరాస్ రాశాడు. ఈ పాడు సంగతి ఇప్పటికీ ‘అరోదఫ్నూసా’ అనే పల్లెపాటగా సైప్రస్‌లో నిలిచి ఉంది. జోవన్నామీద జాలేస్తుంది. కాని మొగుణ్ణి ఏమీ చెయ్యలేని కోపం ఇంకో ఆడదానిమీద పడటం మనం వినని సంగతా?

1369 జనవరిలో పీటర్‌ని అతని సామంతులే పడకమీద చంపేశారు. ఎలియనోర్ ఆ నెత్తుటి చొక్కా దాచింది. ఆరేళ్ళ తర్వాత, హత్యలో చెయ్యి ఉందని అనుమానమున్న మరిదిని భోజనానికి పిలిచింది. పళ్ళెం మీద గుడ్డ తీస్తే అన్నానికి బదులు ఆ చొక్కా ఉంది! అదే సంకేతం. మరిది అక్కడే హతమయ్యాడు.

ఈ మధ్యలోనే 1372లో ఆమె కొడుకు పట్టాభిషేకం వచ్చింది. ఫమగుస్తాలో రాజుగారి గుర్రం కళ్ళెం ఎవరు పట్టుకోవాలని వెనిస్ వాళ్ళకీ జెనోవా వాళ్ళకీ తగువొచ్చింది. పెళ్ళిలో పల్లకీ దగ్గర వియ్యాలవారి తగువులాంటిదే ఇదీనూ. అది ముదిరి జెనోవా దండెత్తి ఫమగుస్తాని ఊడలాక్కుంది. తొంభై ఏళ్ళదాకా తిరిగివ్వలేదు. 1426లో ఈజిప్టు మమ్లూకులు జానస్ రాజుని బందీగా కైరోకి పట్టుకుపోయారు. అప్పణ్ణించి సైప్రస్ ఈజిప్టుకి కప్పం కట్టవలసి వచ్చింది. పేరుకే రాజ్యం, గూడు చెదిరిపోయింది.

జానస్ కొడుకు రెండో జాన్ 1442లో హెలెనా అనే గ్రీకు రాజవంశపు పిల్లని చేసుకున్నాడు. కూతురు షార్లట్ పుట్టింది. అంతకుముందే మరియెట్టా అనే ఉంపుడుగత్తెకి జేమ్స్ అనే కొడుకు పుట్టి ఉన్నాడు. రాణి హెలెనా ఆ మరియెట్టా ముక్కు కోయించిందని చెబుతారు. 1458లో షార్లట్ పద్నాలుగేళ్ళకే రాణి అయింది. పెళ్ళికి పుట్టని అన్న జేమ్స్ ఊరుకోలేదు. కైరో వెళ్ళి సుల్తానుని మంచి చేసుకుని, 1460లో ఈజిప్టు ఓడలతో వచ్చిపడ్డాడు. షార్లట్ సామాన్యురాలు కాదు. కిరేనియా కోటలో చిక్కుకుని, సముద్రాలు దాటి, సాయం కోసం రోమ్ వెళ్ళింది. ఆవిడ మాట ప్రవాహంలా సాగుతుందని పోప్ రెండో పయస్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మాటలు మెచ్చుకున్నవాళ్ళేగాని రాజ్యం తెచ్చిపెట్టినవాళ్ళు లేరు. 1487లో రోమ్‌లోనే ఆవిడ కన్నుమూసింది.

గెలిచిన జేమ్స్‌కి ఇప్పుడు పెళ్ళి కావాలి. వెనిస్‌లో కోర్నారో అని పెద్ద వర్తక కుటుంబం. సైప్రస్‌లో ఎపిస్కోపి దగ్గర వాళ్ళకి చెరుకుతోటలు ఉండేవి. (అన్నట్టు, చెరుకునుంచి పంచదార తియ్యడం మన దేశంనుంచే అరబ్బుల చేతులమీదుగా అటు వెళ్ళింది. మన శర్కరే వాళ్ళ సుక్కర్.) తోట నీళ్ళకోసం పక్కవాళ్ళతో తగువులు, రాజుకి అప్పులివ్వడాలు, అన్నీ ఉన్నాయి. ఆ ఇంటి పిల్ల కేథరీన్. 1454లో పుట్టింది. 1468 జూలైలో, పద్నాలుగో ఏట, పెళ్ళి జరిగింది. వరుడు మాత్రం రాలేదు! అతని బదులు రాయబారి వచ్చి ఉంగరం తొడిగాడు. లక్ష డకాట్లు కట్నం. లక్ష బెజాంట్లతో మొదలైన ద్వీపం బేరం లక్ష డకాట్ల దగ్గరికి వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకుంది. వెనిస్‌లో రాజు లేడు, అది వర్తకుల రిపబ్లిక్. ఆ రిపబ్లిక్ కేథరీన్‌ని తన దత్తపుత్రికగా ప్రకటించింది. వినడానికి ఎంత ఆప్యాయం! కాని దత్తపుత్రిక బిడ్డలు లేకుండా పోతే ఆమె ఆస్తి ఎవరిది? దత్తత చేసుకున్న తండ్రిదే కదా! మనలో ఒకప్పుడు కూతురి ఇంట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని తండ్రులుండేవారు. ఈ తండ్రి పిల్లనిచ్చేనాడే అల్లుడి ఇంటి తాళాలు లెక్కపెట్టుకున్నాడు.

నాలుగేళ్ళు పుట్టింట్లోనే ఎదురుచూసి, 1472లో కేథరీన్ కాపురానికి వెళ్ళింది. 1473 జూలైలో జేమ్స్ హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికామె గర్భవతి. ఆగస్టులో కొడుకు పుట్టాడు. నవంబరులో కుట్రదారులు ఆమె పినతండ్రి ఆండ్రియాని చంపేశారు. వెంటనే వెనిస్ ఓడలు వచ్చాయి, అమ్మాయికి సాయం అంటూ. వచ్చినవి మళ్ళీ వెళ్ళలేదు. మరుసటి ఏడు ఆగస్టులో పసివాడు కూడా పోయాడు. ఇరవై ఏళ్ళు నిండకుండానే భర్తా, బిడ్డా లేరు. రాణి అన్న పేరు మాత్రం మిగిలింది. వెనిస్ సలహాదారులు ప్రతిదానికీ కాపలా కాశారు. అత్తగారు మరియెట్టానీ, జేమ్స్‌కి పుట్టిన ఇతర పిల్లల్నీ ద్వీపంనుంచి తరలించి ఇటలీలో తమ కళ్ళముందు పెట్టుకున్నారు. తన పరిస్థితి బాగులేదని కేథరీన్ పుట్టింటికే మొరపెట్టుకుంది. ఇంకెవరున్నారు గనక?

ఇలా పదిహేనేళ్ళు గడిచాయి. 1488లో నేపుల్స్ రాజుగారి కొడుకుతో ఆవిడకి మళ్ళీ పెళ్ళి చెయ్యాలని కొందరు రహస్యంగా ప్రయత్నించారు. వెనిస్ గుండె ఝల్లుమంది. పెళ్ళయితే పిల్లలు పుడతారు, పిల్లలు పుడితే ఆస్తి చెయ్యిజారుతుంది! ఇక ఆలస్యం చెయ్యలేదు. రాజ్యం వదులుకోమని చెప్పడానికి ఎవర్ని పంపారో తెలుసా? సొంత అన్నదమ్ముణ్ణి, జోర్జో కోర్నారోని. నేను పోయాక ఎలాగూ మీకే వస్తుంది కదా, అంతవరకైనా ఆగకూడదా అని ఆవిడ అడిగిందని పియెత్రో బెంబో తన వెనిస్ చరిత్రలో రాశాడు. జోర్జో కుటుంబ గౌరవం గుర్తుచేశాడు, మనవాళ్ళకి వచ్చే లాభం చెప్పాడు. పుట్టింటి పేరు చెప్పి ఒప్పించడమన్నది ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటుంది కాబోలు.

1489 ఫిబ్రవరిలో కేథరీన్ నికోసియానుంచి బయల్దేరింది. బుస్త్రోనియోస్ అనే సైప్రస్ వాసి రాశాడు: గుర్రంమీద, నల్లని పట్టువస్త్రం కప్పుకుని వెళ్ళిందనీ, దారంతా కన్నీళ్ళు ఆగలేదనీ, చూస్తున్న జనం కూడా ఏడ్చారనీ. అదే నెల 26న ఫమగుస్తాలో వెనిస్ జెండా ఎగిరింది. 1192నుంచి సాగిన లుసిన్యాన్ రాజ్యం, ఒక్క కత్తి దెబ్బ లేకుండా, పుట్టింటివారి పరమైంది. ఒథెల్లో నాటకంలో మనం చూసే సైప్రస్ ఈ వెనిస్ సైప్రసే. అదీ ఎన్నాళ్ళో దక్కలేదు; 1571 నాటికి ద్వీపం తురుష్కుల పాలైంది.

కేథరీన్‌కి వెనిస్ దగ్గర కొండమీద అసోలో అనే చిన్న ఊరు, ఏటా భరణం ఇచ్చారు. రాణి బిరుదు ఉంచుకోనిచ్చారు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. కవుల్నీ పండితుల్నీ చేరదీసి ఆ పల్లెటూరిని పేరుగల చోటు చేసింది. బెంబో తన ప్రేమసంభాషణల పుస్తకాన్ని అక్కడే జరిగినట్టు రాశాడు. 1510లో వెనిస్‌లో కన్నుమూసింది. ఆమె సమాధి అక్కడి సాన్ సాల్వదోర్ చర్చిలో ఉంది.

ఇప్పటికీ ఏటా సెప్టెంబరులో వెనిస్ కాలువల్లో పెద్ద పడవల పండుగ జరుగుతుంది. రంగురంగుల పాతకాలపు దుస్తులు, అలంకరించిన పడవలు. అది 1489లో సైప్రస్ రాణికి పుట్టిల్లు పలికిన స్వాగతానికి గుర్తట. పడవలో కేథరీన్ వేషం వేసుకున్నావిడ చెయ్యి ఊపుతూ వెళుతుంది, ఒడ్డున జనం చప్పట్లు కొడతారు. రాజ్యం రాసి ఇచ్చి వచ్చిన కూతురికి పుట్టిల్లు స్వాగతం ఘనంగానే చేస్తుంది, చెయ్యకేం! నాకు మాత్రం ఆ సంబరంకంటే, నికోసియా దారిలో ఆ నల్లపట్టు వస్త్రాన్నీ ఆ కన్నీళ్ళనీ చూసి రాసిపెట్టిన బుస్త్రోనియోస్ మాటే నమ్మబుద్ధేస్తుంది.